మెరివెదర్ పోస్ట్ పెవిలియన్: ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి

అమెరికా బృందం యానిమల్ కలెక్టివ్ 2009లో తెచ్చిన ఆల్బమ్ ఇది. మేరీల్యాండ్‌లోని ఓ ఆరుబయట సంగీత వేదిక పేరే దీనికి పెట్టారు. నలుగురిలో ఒకరు అప్పట్లో విరామం తీసుకోవడంతో మిగిలిన ముగ్గురూ ఎక్కువగా శాంప్లర్లతోనే, అంటే శబ్దాల ముక్కల్ని దాచుకుని మళ్లీ వాయించే యంత్రాలతోనే, పాటలు కట్టారు. అట్ట మీద ఆకుల్లాంటి బొమ్మలు కదులుతున్నట్టు కనిపిస్తాయి. పాటలూ అంతే, ఒక్కచోట నిలవవు.

మొదటి పాట 'ఇన్ ద ఫ్లవర్స్' చాలాసేపు నీళ్లలోంచి వినిపిస్తున్నట్టు మసకగా నడుస్తుంది. దాదాపు రెండున్నర నిమిషాలకు డ్రమ్ములు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. రాత్రి గిన్నెలు తోముతూ విన్నాను. చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

ఇక 'మై గర్ల్స్'. పాడిన బృంద సభ్యుడు నోవా లెనాక్స్‌కి హోదా అక్కర్లేదు, ఆస్తులు అక్కర్లేదు. భార్యకీ కూతురికీ నాలుగు గోడల ఇల్లు కావాలి, అంతే. ఆ ఒక్క కోరికనే చప్పట్ల మీద, మెలికలు తిరిగే సింథ్ (ఎలక్ట్రానిక్ వాద్యం) మీద మళ్లీ మళ్లీ పాడతాడు. అద్దె ఇంట్లో పాపని భుజాన వేసుకుని జోకొడుతూ వింటాను నేను. ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

'డెయిలీ రొటీన్' చివర్లో సాగదీత నాకింకా ఎక్కలేదు. కానీ ఆఖరి పాట 'బ్రదర్ స్పోర్ట్' వదలకండి. నాన్న పోయిన దుఃఖంలో ఉన్న సోదరుడికి మనసు విప్పమని చెప్పే పాట అది. దుఃఖం గురించి ఇంత గంతులేస్తూ పాడడం నేనింకెక్కడా వినలేదు.