పాత టేకు ముక్కల కటింగ్ బోర్డు: చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

పాత ద్వారబంధం ఊడదీసినప్పుడు మిగిలిన టేకు ముక్కలతో చేసుకున్నా ఈ బోర్డు. ఇన్నేళ్లుగా ఉల్లిపాయ నుంచి గుమ్మడికాయ దాకా అన్నీ దీనిమీదే, ఇప్పటికీ ఒక్క అతుకు విడలేదు, పలక వంగలేదు. చేసుకోవచ్చా అని అడిగితే తప్పకుండా చేసుకోమంటా, కానీ ఆ చెక్క ఇంతకుముందు దేనికి వాడారో తెలిస్తేనే. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, గోకేస్తే పోతుందిలే అనుకోవద్దు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో నొక్కి చేసే పలక) అసలు వద్దు. సరుకులు పేర్చే ప్యాలెట్ చెక్కయితే దానిమీద ముద్ర చూడండి, హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, అది వదిలేయండి.

ఇది ఇన్నాళ్లు నిలవడానికి అసలు కారణం అతుకులే. చెక్క తడి తగిలితే నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు కదలదు, అందుకే ముక్కలన్నీ నార ఒకే వైపు ఉండేలా పేర్చా. బలం కోసమని వెనకాల అడ్డపట్టీ పెట్టి స్క్రూలు బిగిస్తారు చూడండి, అది మాత్రం చేయొద్దు, ఉబ్బడానికి చోటు లేక పలకే చీలిపోతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు సరిగ్గా పట్టదు, అతికించే ముందు అంచుల్ని ఎసిటోన్‌తో తుడిచి వెంటనే వాటర్‌ప్రూఫ్ వుడ్ గ్లూ రాసి క్లాంపులు బిగించి ఒక రోజంతా కదపకుండా వదిలేశా. తర్వాత 80 నంబరు గరుకు సాండ్‌పేపర్ నుంచి 220 నంబరు నున్నటి దాని దాకా వరుసగా రుద్దా, మధ్యలో ఒకసారి తడిపి ఆరనిస్తే నార పైకి లేస్తుంది, దాన్ని మళ్లీ రుద్దేస్తే వాడకంలో గరుకు తేలదు.

నూనె విషయంలో ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ తప్ప ఇంకేదీ వాడలేదు, వంటనూనె రాస్తే కొన్నాళ్లకి ముక్కిపోయిన వాసన వస్తుంది. రెండు వైపులా సమానంగా రాయాలి, ఒక్క వైపే రాస్తే పలక వంగుతుంది. మొదట్లో తరచుగా పట్టించా, ఇప్పుడు చెక్క పాలిపోయినట్టు కనిపిస్తేనే.

లోటు కూడా చెప్పాలి. టేకులో ఉండే ఇసుకలాంటి సిలికా వల్ల కత్తి పదును తొందరగా పోతుంది, నాకైతే స్పష్టంగా తెలుస్తోంది. బరువు కూడా ఎక్కువే. నీళ్లలో నానబెట్టకూడదు, డిష్‌వాషర్‌లో అసలు పెట్టకూడదు, కడిగి తుడిచి నిలబెట్టి ఆరబెట్టాలి, ఇంట్లో అందరికీ ఇది అలవాటు కావాలి మరి. చెక్క మీద క్రిములు పెరుగుతాయని చాలామంది భయపడతారు, కానీ అమెరికా ఆహార భద్రత శాస్త్రవేత్త డీన్ క్లివర్ చేసిన పరిశోధనల్లో చెక్క లోపలికి పోయిన బ్యాక్టీరియా అక్కడ పెరగకుండా మెల్లగా చచ్చిపోయిందని తేలింది. అయినా మాంసానికి నేను వేరే బోర్డు పెట్టుకున్నా.

మధ్యభాగంలో కత్తిగాట్లు బాగానే పడ్డాయి. మందం 3 సెంటీమీటర్లు ఉంచా కాబట్టి మొత్తం ఒకసారి చిత్రిక పట్టి మళ్లీ నూనె రాస్తే సరిపోతుంది, కొత్తది చేసే పనిలేదు.