పదకొండేళ్లలో నా కార్బ్యురేటర్ మూడుసార్లు రిచ్ అయింది

నా 150 సీసీ బండికి పదకొండేళ్లు నిండాయి, మీటర్ 83 వేల కిలోమీటర్లు దాటింది. ఇంజిన్ గురించి ఫిర్యాదు లేదు, ఇప్పటిదాకా బోర్ విప్పలేదు. చెప్పుకోవాల్సిందంతా గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి అందించే కార్బ్యురేటర్ గురించే. ఇన్నేళ్లలో అది మూడుసార్లు రిచ్ అయింది, అంటే గాలికి తగ్గ పాళ్లకంటే పెట్రోల్ ఎక్కువ పంపింది. మూడుసార్లూ స్పార్క్ ప్లగ్ నల్లగానే వచ్చింది, కారణం మాత్రం ప్రతిసారీ వేరు. అందుకే నల్ల ప్లగ్ చూడగానే మిక్చర్ స్క్రూ (స్లోలో గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మర) మీదకి చెయ్యి పోనిచ్చేవాళ్లంటే నాకు భయం.

మొదటిసారి మూడో ఏట. ఎత్తు హ్యాండిల్ బిగించుకున్న వారానికే స్లోలో ఇంజిన్ దబదబ కొట్టుకుని ఆగిపోవడం మొదలైంది. సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన. ఇంజిన్ బాగా వేడెక్కాక చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి పెట్రోల్ పాలు పెంచే మీట) లాగి చూశాను. మామూలుగా అయితే వేడి ఇంజిన్ చోక్ లాగగానే ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. నాది అసలు పట్టించుకోలేదు. అంటే చోక్ అప్పటికే ఎంతో కొంత తెరిచే ఉందన్నమాట. కొత్త హ్యాండిల్‌కి పాత చోక్ కేబుల్ చాలక బిగుతుగా లాగి కట్టారు. లోపల చోక్ ప్లంజర్ పూర్తిగా కిందికి దిగి కూర్చోవడం లేదు. కేబుల్‌కి రెండు మిల్లీమీటర్ల వదులు ఇస్తే సరిపోయింది. ఆ పనికి పట్టింది పది నిమిషాలు, అంతకుముందు పాడుచేసుకున్నవి రెండు ఆదివారాలు.

రెండోసారి కాస్త ప్రమాదకరమైనది. పొద్దున బండి దగ్గరికి వెళితే పెట్రోల్ వాసన గుప్పున కొట్టేది, కింద మాత్రం చుక్క లేదు. ఆయిల్ గాజు కన్ను చూస్తే నేను పోసిన దానికంటే మట్టం పైకి లేచింది. మూత తీసి వాసన చూస్తే సగం పెట్రోలే. కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ గిన్నె కింద డ్రెయిన్ గొట్టానికి సన్నటి పారదర్శక ట్యూబ్ తగిలించి, పైకి నిలబెట్టి, డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే లోపలి పెట్రోల్ మట్టం బయట కనిపిస్తుంది. నాది ఉండాల్సిన గీత దాటి పైకి పాకుతూనే ఉంది. గిన్నె నిండగానే పెట్రోల్‌ని ఆపాల్సిన ఫ్లోట్ నీడిల్ తీసి చూస్తే దాని రబ్బరు మొన చుట్టూ గోటితో గీసినట్టు ఉంగరంలాంటి గాడి పడింది. నీడిల్ మార్చాను, ఆయిల్ కూడా మార్చాకే స్టార్ట్ చేశాను. పెట్రోల్ కలిసిన ఆయిల్ పలచబడి బేరింగులను కాపాడలేదు.

అసలు ఏడిపించింది మూడోది, 60 వేల దగ్గర. లీటరుకి 45 ఇచ్చే బండి 36కి పడిపోయింది. చలికాలంలో కూడా చోక్ లేకుండా ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతోందని అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఆ గొప్ప కూడా జబ్బు లక్షణమేనని తర్వాత తెలిసింది. ప్లగ్ తీస్తే లాంతరు చిమ్నీకి పట్టినట్టు పొడి మసి, వేలితో రాస్తే ఊడొస్తోంది. జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ అనుకోవచ్చు, పొడి మసి అంటే సరిగ్గా కాలని పెట్రోల్. కొత్త ప్లగ్ వేస్తే నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. ఒక మెకానిక్ మిక్చర్ స్క్రూ ముప్పావు చుట్టు లోపలికి తిప్పి, "ఇంక చూస్కో అన్నా, కొత్త బండే" అన్నాడు. స్లో నిజంగానే బాగుపడింది. మైలేజ్ ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు.

అప్పుడు ఇంకోలా ఆలోచించాను. ఎక్సలేటర్ గ్రిప్ మీద తెల్ల టేపు అతికించి పావు, సగం, ముప్పావు దగ్గర పెన్నుతో గీతలు పెట్టాను. కార్బ్యురేటర్‌లో ఒక్కో దశని ఒక్కో భాగం చూసుకుంటుంది: మూసి ఉన్నప్పటి నుంచి ఓ పావు లోపు పైలట్ జెట్ (జెట్ అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం ఉన్న భాగం), మిక్చర్ స్క్రూ, పావు నుంచి ముప్పావు దాకా ప్రధానంగా నీడిల్ (ఫ్లోట్‌ది కాదు, ఎక్సలేటర్ తిప్పితే పైకి లేచే ఇంకో నీడిల్), ఆపైన మెయిన్ జెట్. ఖాళీ రోడ్డు మీద ఒక్కో గీత దగ్గర పట్టి నడిపాను. పూర్తిగా తిప్పితే శుభ్రంగా లాగుతోంది. పావు దాటి సగం దాకా మాత్రం గుడగుడమంటూ, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. నేను రోజూ నడిపేది సరిగ్గా అక్కడే. కొత్త ప్లగ్ వేసి, అదే గీత దగ్గర కొంతదూరం నడిపి, క్లచ్ నొక్కి అదే క్షణంలో స్విచ్ ఆపి తీసి చూస్తే అది కూడా నల్లబడింది.

విప్పి నీడిల్ తీశాను. ఒక పక్కన గీతలాగా మెరుస్తోంది. ఆ నీడిల్ ఏ రంధ్రంలో కదులుతుందో ఆ నీడిల్ జెట్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూశాను. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగింది. పెట్రోల్ వచ్చేది ఆ రంధ్రానికీ నీడిల్‌కీ మధ్య ఉన్న సన్నని సందులోంచే. ఆ సందే అంత ఇరుకు కాబట్టి వెంట్రుక మందంలో సగం అరిగినా పెట్రోల్ బాగా ఎక్కువ వస్తుంది. ఎక్కువ తెరిస్తే నీడిల్ సన్నటి చివర పైకి వచ్చేస్తుంది, అరుగుదల లెక్కలోకి రాదు. పూర్తి ఎక్సలేటర్‌లో బండి బాగుండడానికి కారణం అదే.

నీడిల్, జెట్ రెండూ కలిపి మార్చాను, ఒక్కటే మారిస్తే లాభం లేదు. తర్వాత ఆ మెకానిక్ తిప్పిన ముప్పావు చుట్టుని వెనక్కి తిప్పేశాను, అప్పటిదాకా పొద్దున స్టార్ట్ అవ్వడానికి మొరాయించింది. ఇప్పుడు ప్లగ్ కొన కాఫీ పొడి రంగులో ఉంది, మైలేజ్ 44.

ఈ కార్బ్యురేటర్‌ మీద నాకున్న కోపం ఒక్కటే: నీడిల్‌కి క్లిప్ పెట్టుకునే గాడులు లేవు, ఎత్తు తగ్గించి చూసుకునే వీలు కంపెనీ ఇవ్వలేదు. మెచ్చుకునేది, ఇంట్లో ఉన్న నాలుగు పనిముట్లతో ఎక్కడైనా విప్పుకోవచ్చు. ఎత్తైన కొండ రోడ్లు ఎక్కినప్పుడు గాలి పలచబడి ఇప్పటికీ కాస్త రిచ్ అవుతుంది, పికప్ బరువెక్కుతుంది. స్క్రూ మాత్రం ముట్టుకోను, కిందికి దిగేదాకా ఓపిక పడతాను.