ఫరహాబాద్ సఫారీ: పులి కోసమే అయితే ఆలోచించుకోండి, అడవి కోసమైతే తప్పకుండా వెళ్లండి

ముందే చెప్పేస్తున్నా, మాకు పులి కనపడలేదు. అయినా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో అటవీ శాఖ నడిపే ఫరహాబాద్ సఫారీకి ఐదుకి ఐదు ఇస్తాను. ఎందుకో చెప్తాను, కాస్త పెద్ద పోస్టే అవుతుంది, ఓపికగా చదవండి.

మాది దేవరకొండ. శ్రీశైలం పోయినప్పుడల్లా డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు చెక్‌పోస్టు దాటడం, బండి కిటికీలోంచి చెట్లు చూడటం, దోమలపెంట దగ్గర డ్యాం రాగానే ఫొటోలు దిగడం, ఇంతే. లోపలికి వెళ్లి చూసినవాళ్లు మా చుట్టాల్లో ఒక్కరూ లేరు. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో కలిపి రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి ఇది. మనవాళ్లు పులుల కోసం మహారాష్ట్రలో తాడోబా దాకా పోతారు కానీ, మన ఇంటి వెనకే ఇంత అడవి ఉందని పట్టించుకోరు. ఈసారి అమ్మను, తమ్ముడి కుటుంబాన్ని తీసుకుని సఫారీ కోసమనే వెళ్లాం.

బుకింగ్ ఆన్‌లైన్‌లోనే. మన్ననూరులో బసతో కలిపి ప్యాకేజీ కూడా ఉంది, 2021 నవంబర్‌లో మొదలుపెట్టారు. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయడం లేదు, బుక్ చేసే ముందు చూసుకోండి. గది శుభ్రంగా ఉంది, భోజనం మన ఇంటి భోజనంలాగే ఉంది, దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అసలు సంగతి గైడ్. మాతో వచ్చిన అబ్బాయి చెంచు పిల్లవాడు, ఈ అడవిలోనే ఒక పెంటలో (చెంచుల గూడేన్ని ఇక్కడ పెంట అంటారు) పుట్టి పెరిగాడు. బండి ఎక్కగానే మా తమ్ముడు "పులి కనిపిస్తదా?" అని అడిగితే, "అది దాని ఇష్టం సార్, మనం మాత్రం సప్పుడు చేయకుండ పోదాం" అన్నాడు. అక్కడి నుంచి తిరిగొచ్చేదాకా మేం ఆ అబ్బాయి కళ్లతోనే అడవిని చూశాం. నల్లమద్ది చెట్టు బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుందని, మంటొచ్చినా ఆ మందం బెరడు మానును కాపాడుతుందని చేత్తో తట్టి చూపించాడు. ఒక మలుపులో బండి ఆపించి పుట్ట ఒకటి చూపించాడు. పుట్టకు ఒక పక్కన మోచేయి పట్టేంత బొక్క, లోపల మట్టి ఇంకా తడిగా ఉంది, అంచుల వెంబడి చెదలు అప్పుడే గబగబా పూడ్చుకుంటున్నాయి. "రాత్రి ఎలుగు తవ్వింది అమ్మా. మూతి లోపల పెట్టి ముందు మట్టి ఊదుతది, తర్వాత చెదలు పీల్చుకుంటది. ఆ సప్పుడు శానా దూరం ఇనొస్తది" అన్నాడు. ఎలుగుబంటికి పైదవడలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచే పీలుస్తుంది. పుస్తకంలో చదివితే ఒక లైను, అక్కడ ఆ తడి మట్టి ముందు నిలబడితే అది మా పక్కనే ఉన్నట్టనిపించింది.

కొంచెం ముందుకు పోయాక దారి దుమ్ములో పులి అడుగు. గైడ్ దిగి దాని చుట్టూ పుల్లతో గీత గీశాడు, డ్రైవర్ బండిని ఓరగా పోనిచ్చాడు, అడుగు చెరగకుండా. మా అమ్మ సీట్లోంచి వంగి చాలాసేపు చూసింది, ఒక్క మాట మాట్లాడలేదు. దుప్పులు గుంపులుగా కనిపించాయి, ఒక కణుజు కనిపించింది, కొండముచ్చులు సరేసరి. ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడి కిందికి చూస్తే లోయ నిండా చెట్లే. నిజాం కాలంలో వేటకొచ్చినవాళ్ల కోసం అక్కడ బంగ్లా కట్టారు. ఆ చోట ఇప్పుడు చెంచు పిల్లలు పులి అడుగు చెరగకుండా గీత గీస్తున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. సఫారీకి మనం కట్టే డబ్బుతో ఇక్కడి పిల్లలకు పని దొరుకుతుంది, అందుకే దీనికి ఐదు స్టార్లు.

ఇక కోపం తెప్పించిన విషయం. అదే పొద్దున ఒక ప్రైవేటు ట్రావెల్స్ వాళ్లు తీసుకొచ్చిన గుంపు వెనక బండిలో ఉంది. పులి గ్యారంటీ అని చెప్పి తెచ్చారట. అరుపులు, ఫోన్లో పాటలు, దుప్పులు కనిపిస్తే ఈలలు. వాళ్ల గైడ్ ఎన్నిసార్లు బతిమాలినా వినలేదు. పులి గ్యారంటీ అని ఎవరు చెప్పినా నమ్మకండి, జూ పార్కులో తప్ప ఆ గ్యారంటీ ఎక్కడా ఉండదు.

అడవిలోంచి పోయే శ్రీశైలం హైవే మీద సంగతి ఇంకా ఘోరం. కార్లు ఆపి కోతులకు చిప్స్, బిస్కెట్లు వేస్తున్నారు. ఒక పిల్ల కోతి ఉప్పు రుచికి చిప్స్ కవరును లోపలి వైపు తిప్పి మరీ నాకుతోంది, ఆ పక్కనుంచే లారీలు పోతున్నాయి. పుణ్యం అనుకుని చేస్తున్నారు కానీ, ఆ తిండికి అలవాటు పడ్డ కోతి రోడ్డు వదలదు, చివరికి టైర్ల కింద పడుతుంది. దయచేసి వేయకండి, మీ పిల్లల చేత కూడా వేయించకండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఈ రోడ్డు మూసేస్తారని చాలామంది తిట్టుకుంటారు. నేను మాత్రం ఆ నిబంధనను ఎప్పటికీ తీసేయొద్దనే అంటాను. అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్, అంటే స్తంభాల మీద పోయే రోడ్డు, వేయాలనే ప్రతిపాదన ఉంది కదా, అది కట్టినా కట్టకపోయినా ఆ తొమ్మిది గంటలు జంతువులవే.

ఈ అడవి ఊరికే మిగల్లేదు, ఇది మన జిల్లాల్లో ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. 2019లో అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. బోర్లు వేసి చూడటమే కదా అన్నారు. బోరు వేయాలంటే దారి కావాలి, దారి కావాలంటే చెట్లు పోవాలి, ఆ తర్వాత గని రాకుండా ఉంటుందా? చెంచు పెంటల నుంచి అమ్రాబాద్, అచ్చంపేట దాకా జనం రోడ్ల మీదికొచ్చారు, బంద్‌లు చేశారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మా నల్గొండ వాళ్లకు ఈ భయం కొత్త కాదు. నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వుతామని 2003లోనే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు, మన జనం అప్పుడూ వద్దన్నారు. సాగర్ నీళ్లు తాగేవాళ్లం ఎంతమందిమి, ఆ నీళ్ల ఒడ్డున యురేనియం గని ఎవరు ఒప్పుకుంటారు?

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్లం, కృష్ణ నీళ్లు మాకు రావాలనే కోరుకుంటాం. ఆ నీళ్ల కోసం దోమలపెంట దగ్గర మొదలుపెట్టిన ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం, దాదాపు 44 కిలోమీటర్లు, ఈ అడవి కిందనుంచే పోతుంది. పైన పులుల అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా తవ్వి దారి పెట్టే వీల్లేదు, రెండు చివరల నుంచే తవ్వాలి. 2025 ఫిబ్రవరిలో అది కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినప్పుడు కొందరు ఈ అడవి వల్లే ఇదంతా అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అడవి అక్కడ ముందు నుంచీ ఉంది, దానికి తగ్గట్టు పని చేసుకోవాల్సింది మనమే.

పెంటల్లో ఉండే చెంచుల్ని బయటికి తరలించే మాట కూడా నడుస్తోంది, వెళ్లే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ ఇస్తారు. ఇష్టపడి వెళ్లేవాళ్లను ఆపలేం, కానీ ఇష్టం అనేది నిజంగా వాళ్లదై ఉండాలి. యురేనియం అప్పుడు ముందు నిలబడింది వాళ్లే. మాకు పుట్టను, అడుగును చూపించిన ఆ అబ్బాయి లేకపోతే సఫారీలో మేం చూసేది చెట్లు మాత్రమే.

వెళ్లాలనుకునేవాళ్లకు: వానాకాలంలో, మామూలుగా జూలై నుంచి సెప్టెంబర్ దాకా, సఫారీ ఉండదు. చలికాలం పొద్దున బండిలో గాలి కోస్తుంది, పెద్దవాళ్లకు శాలువా, మంకీ క్యాప్ తప్పనిసరి. ఎండాకాలం వెళ్తే బీడీ, సిగరెట్ జోలికి పోకండి, ఎండు గడ్డి ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. స్టీలు సీసాలో నీళ్లు తెచ్చుకోండి, ప్లాస్టిక్ వద్దు. మెరిసే రంగుల బట్టలు, సెంటు కూడా వద్దు. చెంచులు తీసిన తేనె దొరికితే బేరం ఆడకుండా కొనండి, ఆ తేనె కోసం వాళ్లు కొండ అంచు నుంచి తాడు మీద వేలాడతారు. గైడ్ బాగా చూపిస్తే ఆ మాట సందర్శకుల పుస్తకంలో రాసి రండి, పైఅధికారులు చదువుతారు.