మడత పోస్టరా, చుట్ట పోస్టరా? 1978 సూపర్‌మాన్, 1989 బ్యాట్‌మాన్‌లలో ఏది మేలు?

సూపర్‌హీరో సినిమాల అసలు అమెరికన్ పోస్టర్లు పోగు చేద్దామని దిగినవాళ్లు ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే తచ్చాడతారు. 1940ల నాటి సీరియళ్ల (థియేటర్లలో భాగాలు భాగాలుగా వేసిన సినిమాల) పోస్టర్లు నా జేబుకు అందేవి కావు, వాటి ఊసు ఎత్తను.

చూడగానే మనసు లాగేది బ్యాట్‌మాన్ టీజర్, అంటే విడుదలకు ముందే ఊరించడానికి వేసే పోస్టర్. బంగారు రంగు, నలుపు కలిసిన గబ్బిలం గుర్తు, కింద జూన్ 23 అనే తేదీ. సినిమా పేరు కూడా వేయలేదు. ఆ ఏడాది అమెరికాలో బస్టాపుల అద్దాలు పగలగొట్టి మరీ ఈ పోస్టర్లు ఎత్తుకుపోయారు. అప్పటికి థియేటర్లకు చుట్టచుట్టి పంపడం మొదలైంది కాబట్టి మడత గీతలు ఉండవు.

చిక్కు కూడా అక్కడే. గీత లేని కాగితాన్ని చూసి వయసు చెప్పడం కష్టం. పైగా అదే గుర్తుతో షాపుల్లో అమ్మడానికి కుప్పలు తెప్పలుగా అచ్చేశారు. నేను మొదటిసారి మోసపోయింది దీనితోనే. ఒకాయన చక్కగా ఫ్రేమ్ కట్టించి అమ్మాడు. ఇంటికి తెచ్చి టేపుతో కొలిస్తే 24 × 36 అంగుళాలు. థియేటర్‌లో పెట్టే వన్-షీట్ ఆ రోజుల్లో 27 × 40 ఉండేది. ఫ్రేమ్ మాత్రం బాగుందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

సూపర్‌మాన్ కథ వేరు. అప్పట్లో నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ అమెరికా అంతటా థియేటర్లకు పోస్టర్లు మడతపెట్టి పంపేది. సైజు 27 × 41. అడ్డంగా మూడు మడతలు, నిలువుగా ఒకటి. విప్పితే ఎనిమిది గళ్లు. ఆ కాలపు పోస్టర్ల కింది అంచులో సంస్థ పేరు, సాధారణంగా విడుదల ఏడాదితో మొదలయ్యే నంబరు, సినిమా తీసేయగానే తిరిగి ఇచ్చేయాలనే షరతు ఉంటాయి. ఇవ్వకుండా అట్టేపెట్టుకున్న థియేటర్ల పుణ్యమే ఈ హాబీ! నంబరు ముందు 'ఆర్' అక్షరం ఉంటే రెండోసారి విడుదలప్పటిదని అర్థం.

కొత్తవాళ్లు మడతలు చూసి బేరం తగ్గిస్తారు, లేదా వదిలేస్తారు. నేను ముందు వాటినే చూస్తాను. నిజం మడత వేలికి తగులుతుంది, నాలుగు గళ్లు కలిసేచోట రంగు కాస్త రాలి ఉంటుంది. పాత పోస్టర్‌ను స్కాన్ చేసి తీసిన నకలులో గీత బొమ్మలా కనిపిస్తుంది, కాగితం నున్నగా ఉంటుంది. మడత చిరుగుతుంటే గుడ్డ మీద అతికించి బాగుచేసేవాళ్లున్నారు. ఆ పని ఇంట్లో చేయొద్దు.

న్యూయార్క్ జంట భవనాలు కళ్లలో ప్రతిఫలించే స్పైడర్‌మాన్ టీజర్ గురించి కూడా అడుగుతుంటారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ పేరు చెప్పి నకళ్లు అంటగట్టేవాళ్లు చాలామంది, మొదటి కొనుగోలుకు అసలు వద్దు.

మన ఎన్టీఆర్ నటించిన 1980 నాటి తెలుగు సూపర్‌మాన్ పోస్టర్ దొరికితే మాత్రం సైజు, మడత ఏదీ చూడను. మన దగ్గర పోస్టరంటే మైదా పిండి పూసి గోడకు అతికించేదే కదా, చేతికి రావడమే గొప్ప.

మొదటిది కొనేవాళ్లకు నా ఓటు సూపర్‌మాన్‌కే. బ్యాట్‌మాన్ తర్వాత కొనండి, అదీ ఫ్రేమ్ విప్పి టేపు పెట్టనిచ్చేవాళ్ల దగ్గరే.