ఆరేళ్ల వాడకం: 4 ఓమ్‌ల స్పీకర్లు, ఒక ఏవీ రిసీవర్, ఆలస్యంగా వచ్చిన పవర్ ఆంప్

మా హోమ్ థియేటర్ పెట్టి ఆరేళ్లు దాటింది. అందులో మొదటి రెండున్నరేళ్లు స్పీకర్లకీ, వాటిని మోగించే ఆంప్‌కీ (యాంప్లిఫయర్) పొత్తు కుదరలేదు. తర్వాత నుంచి హాయిగా నడుస్తోంది. కొన్న వారంలో రాసే సమీక్షల్లో ఈ పొత్తు సంగతి బయటపడదు, ఎందుకంటే మొదటి వారం అంతా బాగానే వినిపిస్తుంది. నాకూ అలాగే వినిపించింది.

ముందు రెండు టవర్లు, అదే సిరీస్‌లోని సెంటర్, వెనక రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక పవర్డ్ సబ్‌వూఫర్. అన్నిటికీ కలిపి మధ్యస్థాయి 7 చానళ్ల రిసీవర్, ఆంప్ దాని లోపలే ఉంటుంది, ఒక్కో స్పీకర్‌కి ఒక్కో చానల్. టవర్లూ సెంటరూ 4 ఓమ్‌లవి (ఇది ఇంపిడెన్స్, అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు), సెన్సిటివిటీ (ఇచ్చిన వోల్టేజీకి ఎంత గట్టిగా మోగుతుందో) 85 డీబీ. వెనకవి 8 ఓమ్‌లు, 88 డీబీ. ముందు స్పీకర్లకీ సోఫాకీ మధ్య మూడున్నర మీటర్లు. స్పీకర్లని చాలాసార్లు విని ఎంచుకున్నాను, ఈ రోజుకీ ఆ ఎంపిక మార్చుకోను. రిసీవర్‌ని మాత్రం డబ్బా మీదున్న 150 వాట్లు చూసి కొన్నాను.

రెండో నెలలో ఒక యుద్ధ సన్నివేశం నడుస్తుండగా క్లిక్‌మని శబ్దం వచ్చి సౌండ్ మొత్తం ఆగిపోయింది. రిసీవర్ ముందు ఎర్ర లైటు మెరుస్తోంది. ప్రొటెక్షన్‌లోకి వెళ్లింది, అంటే పాడవకుండా తనంతట తానే ఆపేసుకుంది. వైరు షార్ట్ అయిందేమోనని అన్ని టెర్మినళ్లూ విప్పి చూశాను. రాగి పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌కి తగిలినా ఇలా అవుతుంది కాబట్టి అది మొదట చూడాల్సిందే. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. పావుగంట చల్లారాక మళ్లీ పని చేసింది. తర్వాతి వారం మళ్లీ అదే. రిసీవర్ పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండేది. సినిమా పెట్టిన ప్రతిసారీ ఎప్పుడు ఆగిపోతుందో అని టెన్షన్.

అప్పుడు మాన్యువల్ మొదటిసారి సరిగ్గా చదివాను. ఆ 150 వాట్లు ఒకే చానల్ నడుస్తున్నప్పుడు, 6 ఓమ్‌ల లోడుకి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో (సౌండ్ చెడటం) కొలిచినవి. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది: 80 వాట్లు, 8 ఓమ్‌లు, రెండు చానళ్లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.08 శాతం డిస్టార్షన్. కొనేవాళ్లు చూడాల్సింది ఈ రెండో వరుస. ఐదు చానళ్లూ ఒకేసారి గట్టిగా మోగితే అంత కూడా రాదు, ఎందుకంటే పవర్ సప్లై ఒక్కటే, దాన్ని అందరూ పంచుకోవాలి. అయితే 80కీ 150కీ మధ్య తేడా మూడు డీబీ కూడా లేదు, వినడానికి అది చిన్న తేడానే. అంటే నా అసలు పొరపాటు వాట్ల దగ్గర జరగలేదు. నా స్పీకర్లు ఎలాంటి లోడో నేను చూడలేదు.

స్పీకర్ వెనక రాసే 4 ఓమ్‌లు ఒక నామమాత్రపు సంఖ్య. ఫ్రీక్వెన్సీని బట్టి అది పైకీ కిందకీ పోతుంటుంది. నా టవర్ల ఇంపిడెన్స్ గ్రాఫ్ దొరికినప్పుడు చూస్తే బేస్ పైభాగంలో 3 ఓమ్‌ల దాకా దిగుతోంది. వోల్టేజీ అంతే ఉన్నా, ఇంపిడెన్స్ సగమైతే ఆంప్ రెట్టింపు కరెంటు ఇవ్వాలి. సరిగ్గా పేలుళ్లూ డ్రమ్ములూ ఉండే చోటే నా రిసీవర్‌ని ఎక్కువ కరెంటు అడుగుతున్నాను.

సెన్సిటివిటీ సంగతి తమ్ముడింట్లో అర్థమైంది. వాడి స్పీకర్లు 8 ఓమ్‌లు, 92 డీబీ. ఒక ఆదివారం నా రిసీవర్‌ని మోసుకెళ్లి వాటికి తగిలించాం. అదే డిస్కు, అదే సన్నివేశం, ఇంచుమించు అంతే గట్టిగా పెట్టాం. రెండు గంటల తర్వాత కూడా రిసీవర్ గోరువెచ్చగానే ఉంది, ఒక్కసారీ ఆగలేదు. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. థియేటర్ రిఫరెన్స్ ప్రమాణంలో ఒక్కో చానల్ శిఖరాలు (అన్నిటికంటే గట్టి క్షణాలు) 105 డీబీ దాకా వెళ్తాయి. నేను అంతకంటే 10 డీబీ తగ్గించి వింటాను, అంటే 95. నా సోఫా దూరానికి దాదాపు 8 డీబీ పోతుందనుకుందాం. 85 డీబీ అనేది 2.83 వోల్టులిచ్చి ఒక మీటరు దూరంలో కొలిచిన సంఖ్య. ఆ వోల్టేజీ 8 ఓమ్‌ల స్పీకర్‌లో 1 వాట్, 4 ఓమ్‌ల స్పీకర్‌లో 2 వాట్లు. సోఫా దగ్గరికి వచ్చేసరికి 77 డీబీ. అక్కడి నుంచి 95కి చేరాలంటే పవర్ 63 రెట్లు కావాలి, అంటే సుమారు 125 వాట్లు. అదే లెక్క తమ్ముడి స్పీకర్లకి వేస్తే 12, 13 వాట్లు చాలు. అదే గది, అంతే సౌండ్, పవర్ మాత్రం పదింతలు తేడా! ఈ లెక్క కొనకముందు వేసుంటే రెండేళ్ల గోల తప్పేది.

ముందు స్పీకర్లకి విడిగా ఒక పవర్ ఆంప్ కొనేలోపు రెండు పనులు చేశాను. రిసీవర్ మెనూలో ఇంపిడెన్స్‌ని 4 ఓమ్‌లకి మార్చాను. ఆగిపోవడం తగ్గింది, కానీ సౌండ్‌లో ప్రాణం పోయింది. నా రిసీవర్‌లో ఆ సెట్టింగ్ లోపలి వోల్టేజీని తగ్గించి వేడిని అదుపు చేస్తుంది, అంతే. స్పీకర్‌కి కావాల్సిన శక్తి ఎక్కడి నుంచీ రాదు. నెల తర్వాత వెనక్కి మార్చేశాను.

రెండోది పైసా ఖర్చు లేనిది, దీన్ని మాత్రం అందరికీ గట్టిగా చెబుతాను. రిసీవర్ తనంతట తానే స్పీకర్ల సెట్టింగులు చేసుకునే ఆటో కాలిబ్రేషన్ నా టవర్లని ‘లార్జ్’ అని పెట్టింది. అంటే అడుగు బేస్ మొత్తం రిసీవర్ మీదే పడుతోంది. ‘స్మాల్’ చేసి క్రాసోవర్ (బేస్‌ని విడగొట్టే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. ఆ కింది బరువంతా సొంత ఆంప్ ఉన్న సబ్‌వూఫర్‌కి వెళ్లిపోయింది. ప్రొటెక్షన్ వారానికోసారి కాస్తా రెండు మూడు నెలలకోసారి అయింది. టవర్లు పెద్దవి కదా, స్మాల్ అంటే వాటి స్థాయి తగ్గుతుందేమోనని చాలామంది జంకుతారు. ఆ మాట స్పీకర్ సైజు గురించి చెప్పేది కాదు, బేస్‌ని ఎటు పంపాలో చెప్పేది.

అయినా రెండో ఏడాది చివర్లో కుడి టవర్‌లో ట్వీటర్ (పై ఫ్రీక్వెన్సీలు పలికే చిన్న డ్రైవర్) మూగబోయింది. ఆంప్ ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోతే తరంగం పైభాగం చదునుగా తెగిపోతుంది, దీన్నే క్లిప్పింగ్ అంటారు. అలా తెగిన తరంగంలో పుట్టే పై ఫ్రీక్వెన్సీల శక్తి ట్వీటర్ మీద పడుతుంది. చాలకుండా పోయిన ఆంప్ స్పీకర్‌ని కాల్చగలదని అప్పటిదాకా నేను నమ్మలేదు. కొత్త ట్వీటర్ వేయించాను, చాలా బాధపడ్డాను. ఆ తర్వాతే రిసీవర్ ప్రీ అవుట్‌ల (బయటి ఆంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లు) నుంచి మూడు చానళ్ల పవర్ ఆంప్ తగిలించాను. మూడూ ఒకేసారి నడుస్తుండగా 8 ఓమ్‌లకి 150 వాట్లు, 4 ఓమ్‌లకి 250. ముందు మూడు స్పీకర్లూ దాని మీద, వెనకవి రిసీవర్ మీదే.

మొదటి రోజు హమ్ (ఆగకుండా గుయ్‌మనే శబ్దం) వచ్చింది. కేబుల్ టీవీ వైరు తీస్తే ఆగింది, గ్రౌండ్ లూప్ అన్నమాట, అంటే ఎర్త్ ఒకటి కంటే ఎక్కువ దారుల్లో కలవడం. ఆ లైనుకి ఐసొలేటర్ పెట్టి, అన్నిటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కి మార్చాక పూర్తిగా పోయింది. హమ్ కోసం ఎర్త్ పిన్ తీసేసేవాళ్లున్నారు. ప్రాణాల మీదికొస్తుంది, ఆ పని మాత్రం వద్దు. ఇంకో సంగతి, కొత్త ఆంప్ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) వేరు కాబట్టి కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి. నేను మరిచిపోయి పది రోజులు ముందు స్పీకర్లు గట్టిగా, వెనకవి మెల్లగా విన్నాను.

మూడున్నరేళ్లలో ఒక్కసారి కూడా సౌండ్ ఆగలేదు. రిసీవర్ చల్లగా ఉంటోంది. ఎక్కువగా తెలిసిన మార్పు సెంటర్‌లో. పేలుళ్ల మధ్య మాట్లాడే మాటలు ఇప్పుడు నలగకుండా వస్తున్నాయి. ఇదివరకు సినిమాకి పదిసార్లు ‘ఏమన్నాడ్రా?’ అని అడిగే అమ్మ ఇప్పుడు అడగడం దాదాపు మానేసింది. మెల్లగా పెట్టుకుని వినే రాత్రుల్లో మాత్రం పాతదానికీ కొత్తదానికీ తేడా నాకు వినిపించదు. తమ్ముడికి కూడా ఇదే చెప్పాను: 92 డీబీ, 8 ఓమ్‌ల స్పీకర్లకి పవర్ ఆంప్ కొనడం వృథా, ఆ డబ్బు రెండో సబ్‌వూఫర్‌కి పెట్టమని. పెట్టాడు, మంచి పని చేశాడు.

లోపాలూ ఉన్నాయి. ట్వీటర్‌కి చెవి ఆనిస్తే సన్నటి హిస్ వినిపిస్తుంది, సోఫా దగ్గరికి రాదు. ఆంప్ బరువుకి స్టాండ్ పై అర వంగింది, కింది అరకి మార్చి పైన గాలి ఆడేలా జానెడు ఖాళీ వదిలాను. వైర్లు ఇంకా మొదటివే, మామూలు 14 గేజ్ రాగివి.