ఆర్‌క్లోన్, నాలుగేళ్ల వాడకం: ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టేవాళ్లు ముందే చూసుకోవాల్సింది

విజయనగరం గంటస్తంభం దగ్గర మాది ఫొటో స్టూడియో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి షట్టర్ కింద నుంచి నీళ్లొచ్చి, కింది అరలో ఉన్న రెండు హార్డ్ డిస్కులు తడిసిపోయాయి. ఎవరెవరి పెళ్లిళ్లో వాటిలో పోయాయి. ఆ బాధతోనే క్లౌడ్‌లో బ్యాకప్ పెట్టడం మొదలుపెట్టాం. నాలుగేళ్ల కిందట ఆ క్లౌడ్ వాళ్లు చందా బాగా పెంచేసరికి, ఉన్న 1.8 టీబీనీ వేరే కంపెనీకి మార్చాల్సి వచ్చింది. అప్పుడు పట్టుకున్నదే ఆర్‌క్లోన్, ఒక క్లౌడ్ నుంచి ఇంకో క్లౌడ్‌కి ఫైళ్లు చేరవేసే సాఫ్ట్‌వేర్. డబ్బులేం కట్టక్కర్లేదు, ఓపెన్ సోర్స్. నల్ల తెర మీద కమాండ్లు టైప్ చేసుకోవాలి, అంతే.

ముందుగా ఒకటి తెలుసుకోండి. ఒక కంపెనీ క్లౌడ్ నుంచి ఇంకో కంపెనీ క్లౌడ్‌కి ఫైలు నేరుగా పోదు. మన కంప్యూటర్‌లోకి దిగి, మళ్లీ ఎక్కుతుంది. అంటే నెట్ రెండింతలు ఖర్చు. పగలు స్టూడియో పనికి నెట్ కావాలి కాబట్టి, గంటల వారీగా వేగం కట్టేసే బీడబ్ల్యూ లిమిట్ పెట్టి, ఎక్కువ భాగం రాత్రిళ్లే నడిపించాను. పదిహేడు రాత్రులు పట్టింది. కరెంటు పోయి ఆగిపోతే మళ్లీ అదే కమాండ్ ఇవ్వాలి, ఎక్కిపోయిన ఫైళ్లను వదిలేసి మిగతావి అందుకుంటుంది. కానీ సగంలో ఆగిన ఫైలు మాత్రం మొదటి నుంచీ ఎక్కాల్సిందే. 40 జీబీ పెళ్లి వీడియో తెల్లవారుజామున చివరికొచ్చాక కరెంటు పోయిన రోజున నాకు ఏడుపొక్కటే తక్కువ. మర్నాడే యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాను.

అసలు టెన్షన్ పెట్టింది పేర్లు. జనాల ఇంటి ఫొటోలు కాబట్టి, ఫైళ్లనూ వాటి పేర్లనూ తాళం వేసి పంపే క్రిప్ట్ పద్ధతిలో పెట్టాను. అంతా అయ్యాక చివర్లో 41 ఎర్రర్లు అని చూపించింది. మళ్లీ నడిపితే మళ్లీ అవే 41. ఏం జరిగిందో అది రాసిపెట్టుకునే లాగ్ ఫైలు తెరిచి చూస్తే, పేరు మరీ పొడవుగా ఉందట. వాటిలో ఒకటి ‘విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం కోట దగ్గర రెండో కెమెరా’. కంటికి 26 అక్షరాలే. కానీ తెలుగులో ప్రతి హల్లుకీ, ప్రతి గుణింతానికీ, ప్రతి పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు (కంప్యూటర్‌లో చోటుకి కొలత) పడతాయి. ‘త్స’ ఒక్కదానికే 9. ఖాళీలు, చివర్న ఎంపీ4 తోక కలిపితే ఆ పేరు 157 బైట్లు. తాళం వేశాక అది 256 ఇంగ్లీషు అక్షరాలైంది. కొత్త క్లౌడ్‌లో హద్దు 255. ఒకే ఒక్క అక్షరం తేడాతో సిరిమాను వీడియో ఇవతలే ఆగిపోయింది!

క్రిప్ట్‌లో పేరు 143 బైట్లు దాటకుండా చూసుకోమని ఆర్‌క్లోన్ వాళ్ల పత్రాల్లోనే ఉంది. తెలుగుకి అది నలభై ఏడు గుర్తులకు మించదు. తాళం వేసిన పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిగా బేస్32 బదులు బేస్64 ఎంచుకుంటే ఇంకాస్త చోటు దొరుకుతుంది గానీ, అప్పటికే ఎక్కినవాటి పేర్లన్నీ కూడా ఆ పద్ధతికి మార్చాలి. అందుకని ఆ 41 పేర్లూ కూర్చుని కుదించాను. తెలుగు మానలేదు. ఊరు, ఏడాది ఫోల్డర్ పేరులోకి పోయాయి, ఫైలుకి ‘సిరిమాను కోట 2’ చాలు.

సింక్ కమాండ్ జోలికి వెళ్లకండి, ఇవతల లేని ఫైళ్లు అవతల ఉంటే చెరిపేస్తుంది. కాపీ వాడండి, దాన్ని కూడా ముందు డ్రై రన్‌తో, అంటే ఏమీ మార్చకుండా ఏం చేయబోతోందో చూపించే పద్ధతితో, చూసుకోండి. ఫైళ్ల లెక్క సరిపోయిందని పాత క్లౌడ్‌ని ఖాళీ చేయొద్దు. మామూలు చెక్ కమాండ్ క్రిప్ట్ మీద సైజులే పోలుస్తుంది. లోపల సరుకు సరిగ్గా ఉందో లేదో క్రిప్ట్‌చెక్ చెబుతుంది. పాత క్లౌడ్‌లో ఉన్నదంతా మళ్లీ చదువుతుంది కాబట్టి నాకు ఇంకో తొమ్మిది రాత్రులు పట్టింది. అందుకోసం పాత క్లౌడ్‌కి ఒక నెల అదనంగా కట్టాను, దానికి నాకు ఏ బాధా లేదు.

తాళం పాస్‌వర్డ్ పోతే మాత్రం ఆర్‌క్లోన్ చేసినవాళ్లు కూడా తెరవలేరు. నాది కాగితం మీద రాసి ఒకటి ఇంట్లో బీరువాలో, ఇంకొకటి బొబ్బిలిలో మా అక్క దగ్గర ఉంచాను. ప్రతి నెలా ఏదో ఒక పాత పెళ్లి వీడియో దింపి, మొదటి నుంచి చివరి దాకా ఆడించి చూస్తున్నాను. ఇప్పటిదాకా ఒక్కటీ పాడవలేదు.