బాప్తిస్మం రికార్డు తీసిస్తామంటే ముందే డబ్బు పంపకండి

బొబ్బిలి, పార్వతీపురం, టెక్కలి వైపు క్రైస్తవ కుటుంబాల వాళ్లు ముఖ్యంగా చదవండి. పాత చర్చి రిజిస్టర్లు వెతికి వంశవృక్షం తయారుచేస్తామని ఫేస్‌బుక్‌లో పోస్టులు పెడుతున్న ఆయన గురించే ఇది. మా ముత్తాతగారి బాప్తిస్మం రికార్డు కోసం ఎనిమిది వేలు తీసుకున్నాడు. నిన్న రాత్రి కాగితం పంపాడు. అంతా కల్పితం.

మాది బొబ్బిలి దగ్గర బాప్టిస్టు సంఘం, కెనడా మిషనరీల కాలం నాటిది. బాప్టిస్టులు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగి, తమ నోటితో విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే నీళ్లలో ముంచి ఇస్తారు. ఈ కాగితంలో మాత్రం ముత్తాతగారికి పుట్టిన పన్నెండో రోజున బాప్తిస్మం ఇచ్చారని, జ్ఞాన తల్లిదండ్రులు (బాప్తిస్మంలో బిడ్డ తరఫున పూచీగా నిలబడేవాళ్లు) ఫలానా వాళ్లని రాశాడు. అది కేథలిక్కుల పద్ధతి. పైన 1913 అని వేసి, కింద విజయనగరం జిల్లా అని ముద్ర కొట్టాడు. విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979లో! 1913లో బొబ్బిలి విశాఖపట్నం జిల్లాలో ఉండేది.

ఫోన్ చేసి రిజిస్టర్ పేజీ ఫోటో పంపమన్నాను. చెదలు తినేసిందన్నాడు. మరి ఈ వివరాలు ఎక్కడివండీ అని అడిగేసరికి గొంతు పెంచి, "మీ తాతలెవరో మీకే తెలీదు, నన్నడుగుతారేంటి" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నాన్నమ్మ పక్కనే కూర్చుంది. ముత్తాతగారు ఆవిడకి మామగారు, చివరి రోజుల్లో ఆవిడ చేతి అన్నమే తిన్నారు. ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్లిపోయింది. డబ్బు సంగతి తర్వాత, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది. మా పెద్దలెవరో మాకు తెలుసు. ఏ ఏడు సంఘంలో చేరారో, ఆ పుస్తకంలో పేరు ఎలా రాశారో చూడాలనుకున్నాం, అంతే.

మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. మీలో ఎవరైనా కట్టి ఉంటే మీరూ ఇవ్వండి.

రికార్డు కావాలంటే ముందు మీ సంఘం పాస్టర్‌గారినీ, పాత పెద్దలనీ అడగండి. ఎవరు తెచ్చినా పైనా కిందా వేరేవాళ్ల పేర్లు కూడా కనపడేలా మొత్తం పేజీ ఫోటో చూడనిదే రూపాయి ఇవ్వకండి. లండన్ బ్రిటిష్ లైబ్రరీ నుంచి తెప్పిస్తానని కూడా చెబుతున్నాడట. అక్కడున్న మద్రాసు ప్రెసిడెన్సీ (అప్పట్లో మన ప్రాంతమూ అందులోదే) బాప్తిస్మం రికార్డుల్లో ఎక్కువ భాగం యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవే.